ఫర్నేసు మనిషి రాసిన నా లాగ్‌బుక్

నా ఒంట్లో మొదటిసారి మంట లేచిన రోజున గరివిడిలో ఎండన్నదే లేదు. డిసెంబరు నెల, పొద్దున్న ఏడున్నర. ప్లాంటుకి పోయే మగవాళ్ళు మంకీ టోపీల్లోంచి కళ్ళు మాత్రం బయటపెట్టి బందిపోట్లలా సైకిళ్ళు తొక్కుతున్నారు. నేను ఉప్మాకి తాలింపు వేస్తున్నాను. ఉన్నట్టుండి ఎవరో నా గుండెల మీద నిప్పుల కుంపటి దించినట్టయింది. అక్కణ్ణుంచి మెడకి, మెడ నుంచి చెవులకి, చెవుల నుంచి నడినెత్తికి. గ్యాసు లీకయి నేనే అంటుకున్నానేమోనని స్టవ్ కట్టేశాను. స్టవ్ ఆరింది గానీ నేను ఆరలేదు. ఫ్రిజ్ తలుపు తీసి పాలపేకెట్టుకీ వంకాయలకీ మధ్య తల దూర్చి నిలబడ్డాను. నాలుగు నిమిషాల తర్వాత ఒళ్ళంతా చెమటతో చల్లబడి, ఈసారి చలికి పళ్ళు టకటకలాడాయి. ఆ రోజు నుంచి ఆ ఫ్రిజ్‌కి వంకాయల కన్నా నా మొహమే ఎక్కువ పరిచయం.

నాకప్పటికి యాభై ఒకటి. ఇంటికి బస్సులో ఇరవై నిమిషాల దూరంలో ఉన్న సర్కారు హైస్కూల్లో ఇరవై ఆరేళ్ళుగా లెక్కలు చెబుతున్నాను. నెలసరి ఆగి ఏడాదిన్నర అయింది. ఆగినప్పుడు నేను లోపల్లోపల పెద్ద పండగే చేసుకున్నాను. ఒక అద్దెమనిషి ముప్పై ఎనిమిదేళ్ళ తర్వాత ఇల్లు ఖాళీ చేశాడనుకున్నాను. పోతూ పోతూ ఫ్యూజులన్నీ పీకేసి పోయాడని ఆ డిసెంబరులో తెలిసింది.

మా ఆయన నా మేనత్త కొడుకు. అందుకని బావ అనే పిలుస్తాను. ఫెర్రో ఎల్లాయిస్ ప్లాంటులో ఫర్నేసు దగ్గర షిఫ్ట్ ఇన్‌ఛార్జి. కరిగిన లోహం ఎర్రటి కాలవలా పారుతుంటే దాని ముందు నిలబడి వేడి టీ తాగిన మనిషినని ముప్పై ఏళ్ళుగా చుట్టాలందరికీ చెప్పుకుంటున్నాడు. అంతటి అగ్నిదేవుడు జనవరిలో రెండు దుప్పట్లు కప్పుకుని, చెవుల్లో దూది పెట్టుకుని, ఫ్యాను ఐదు నుంచి కనీసం మూడుకి దించమని నన్ను బతిమాలుకున్నాడు. నేను దించలేదు. మంట రాత్రికి అయిదుసార్లు లేపేది. లేచినప్పుడల్లా నైటీ మార్చాలి. తెల్లారేసరికి మా దండెం మీద నైటీలు చూసి, ఇంట్లో ఆడపిల్లల హాస్టల్ పెట్టారా అని పాలమ్మాయి అడిగింది.

నిద్ర లేకపోతే మనిషి ఏమవుతుందో ఫిబ్రవరిలో పదో తరగతి గదిలో తెలిసింది. బోర్డు మీద లంబకోణ త్రిభుజం గీశాను. ఈ జన్మలో కనీసం లక్ష త్రిభుజాలు గీసి ఉంటాను. లంబకోణానికి ఎదురుగా ఉండే భుజం మీద సుద్దముక్క పెట్టి, దీన్ని ఏమంటారంటే, అన్నాను. ఏమంటారో రాలేదు. చెమట మాత్రం వచ్చింది. చెమట కళ్ళల్లోకి, కళ్ళజోడు ముక్కు కొసకి, సుద్దముక్క నేలమీదకి. నలభై మంది పిల్లలు నన్నే చూస్తున్నారు. చివరి బెంచీ పిల్ల ఒకతి లేచి, ఎవరికీ వినపడకూడదన్నట్టు, "కర్ణం, మేడమ్" అంది. ఆ పిల్లకి ఏడాది పొడుగునా పదికి మించి మార్కులు రాలేదు. అంతకన్నా అవమానం ఏమిటంటే, మిగతా పిల్లలెవరూ నవ్వలేదు. జాలిపడ్డారు.

విషయం హెడ్మాస్టరుగారికి చేరింది. ఆయన నాకన్నా పదమూడేళ్ళు చిన్న, షుగరు పేషెంటు. ఆయన షుగరు మా స్కూల్లో ప్రజాసమస్య. కొంచెం తగ్గిందంటే ఒకరు బిస్కెట్లు, ఒకరు గ్లూకోజు, ఒకరు విసనకర్ర పట్టుకుని చుట్టూ నిలబడతారు, డ్రిల్లు మాస్టారు నాడి పట్టుకుంటారు. అదే ఆడదాని ఒంట్లో కొలిమి మండితే దాని పేరు "వయసు కదా". ఈ రెండు మాటలతో వైద్యం పూర్తవుతుంది. హెడ్మాస్టరుగారూ అదే వైద్యం చేసి, ఎంతో మర్యాదగా, వచ్చే యేడు టెన్త్ వేరేవాళ్ళకిద్దాం, మీరు ఆరో తరగతి తీసుకోండి, లేదూ ఒంట్లో బాగాలేదంటే సర్వీసు నిండింది కాబట్టి వాలంటరీ రిటైర్మెంటు గురించి ఆలోచించుకోండి, జూన్‌లో క్లాసులు పంచేలోపు ఏదో ఒకటి చెప్పండి అన్నారు.

ఇంటికొచ్చి ఉత్తరం రాసేశాను. తెల్లటి పొడుగు కాగితం మీద, "అనారోగ్య కారణాల వలన స్వచ్ఛంద పదవీ విరమణ కోరుచున్నాను" అని. నాకు ఈ లోకంలో లెక్కలు చెప్పడం తప్ప ఇంకో విద్య రాదు. నా ఉప్మా సంగతి మా ఆయన్ని అడగండి. కానీ మళ్ళీ ఆ బోర్డు ముందు అలా నిలబడ్డం కన్నా ఇంట్లో ఉప్మా మాడ్చుకోవడం నయమనిపించింది. ఉత్తరం హ్యాండ్‌బ్యాగులో పెట్టుకున్నాను. జూన్‌లోపు ఒళ్ళు దారికొస్తే చించేద్దాం, రాకపోతే ఇచ్చేద్దాం. అదీ ఒప్పందం, నాకూ నా బ్యాగుకీ మధ్య.

ఈ దశలో మా వదిన రంగంలోకి దిగింది. వదినంటే బావకి అక్క. మా పక్క వీధిలోనే ఉంటుంది. అరవై రెండేళ్ళు. మా బాప్టిస్టు చర్చిలో స్త్రీల సమాజానికి అధ్యక్షురాలు. ఎవరింట్లో జ్వరమొచ్చినా థర్మామీటరు కన్నా ముందు ఆవిడ వస్తుంది. రక్తంలో హార్మోను చూపించాలని ఆవిడే తేల్చి, నన్ను విజయనగరంలో ఒక లేబ్‌కి లాక్కుపోయింది. సాయంత్రానికి రిపోర్టు వచ్చింది. ఈస్ట్రడయాల్, అంటే ఈస్ట్రోజనే, అని ఒకటే పదం, పక్కన ఒకటే అంకె, దాని పక్కన ఇంత ఉండాలి ఇంత ఉండాలి అని నాలుగు వరసలు. మేం ముగ్గురం డైనింగ్ టేబుల్ మీద ఆ కాగితం పరిచి శాసనం చదివినట్టు చదివాం. మొదటి వరసతో పోల్చాం. నా అంకె దాని పాదాల దగ్గర కూడా లేదు. నేను లెక్కల టీచర్ని. నాలుగు వరసలుంటే నాలుగూ చదవాలని నలభైమంది పిల్లలకి చెవులు పిండి చెప్పేదాన్ని. అయినా మొదటి వరస దగ్గరే ఏడుపు మొదలెట్టాను.

బావ మాత్రం తన విద్యలోకి వెళ్ళిపోయాడు. ప్లాంటులో లేబ్ నుంచి రోజూ ఎనాలిసిస్ కాగితం వస్తుంది. అందులో అంకె తగ్గితే ఏం చెయ్యాలో ఆయనకి తెలుసు.

"మాంగనీసు తగ్గితే ఫర్నేసులో పోసే ఛార్జిలో ఖనిజం పెంచుతాం. దీనికేటి పెంచాలో సెప్పండి, పెంచేద్దాం," అన్నాడు.

ఏం పెంచాలో వదిన యూట్యూబులో చూసింది. మీల్ మేకర్. సోయాలో ఆ హార్మోను లాంటిదేదో ఉందట. ఆ మర్నాటి నుంచి మా ఇంట్లో మీల్ మేకర్ కూర, మీల్ మేకర్ పులుసు, మీల్ మేకర్ వడలు. అవిసె గింజల పొడి, నువ్వుల ఉండలు పైన. ఇరవై ఒక్క రోజులు. స్పాంజి ముక్కలు నమిలీ నమిలీ నా దవడలు జిమ్‌కి వెళ్ళినవాళ్ళ దవడల్లా తయారయ్యాయి. బావ మూడో రోజు నుంచి ప్లాంటు కేంటీన్లో భోంచేస్తున్నాడని ఆలస్యంగా తెలిసింది.

అక్కడితో ఆగితే వదిన వదిన కాదు. మా స్త్రీల సమాజంలో ఒక పద్ధతుంది. ప్రతి బుధవారం కూటానికి వచ్చేవాళ్ళు తమ కష్టం చీటీ మీద రాసి స్టీలు డబ్బాలో వేస్తారు. అధ్యక్షురాలు ఒక్కొక్కటీ పైకి చదివితే అందరూ ప్రార్థిస్తారు. కష్టం తీరేదాకా ఆ చీటీ డబ్బాలోనే ఉంటుంది. తీరాక ఆ మనిషి లేచి, దేవుడు ఎలా తీర్చాడో అందరి ముందూ సాక్ష్యం చెప్పాలి. నా చీటీ నన్నడక్కుండా వదినే రాసి వేసింది. ఒకరి కొడుకు కానిస్టేబుల్ పరీక్షకీ ఇంకొకరి గేదె ఈతకీ మధ్య, "మా మరదలి ఈస్ట్రోజన్ లెవెలు పెరుగునట్లు" అని చదివింది. పద్నాలుగు మంది ఆడవాళ్ళు కళ్ళు మూసుకుని నా లెవెలు కోసం కన్నీళ్ళు పెట్టారు. నేను కళ్ళు తెరుచుకుని నేలలో దూరడానికి బొరియ వెతుక్కున్నాను. సాయంత్రానికి గరివిడిలో గేదెలకి కూడా తెలిసిపోయింది. కూరగాయలమ్మ కొత్తిమీర కొసరు వేస్తూ, లెవెలు ఎంతవరకూ వచ్చిందని ఆప్యాయంగా అడిగింది.

ఆరు వారాల్లో మూడుసార్లు పరీక్ష చేయించారు. రెండోది మొదటిదానిలాగే ఉంది. మూడోది ఇంకాస్త తగ్గింది. వదిన ఆ కాగితాన్నీ నన్నూ మార్చి మార్చి చూసి, మందంతా సరిగ్గానే పడతన్నాది, నీ విశ్వాసమే తక్కువయిందని తీర్పు చెప్పింది.

ఆ రాత్రి నేను బావ మీద పడ్డాను. వదిన మీద పడేంత ధైర్యం మా వంశంలో ఎవరికీ లేదు. ముప్పై ఏళ్ళుగా ఆ ఫర్నేసుకి గంటగంటకీ ఎంత వేడి, ఎంత కరెంటు అని లాగ్‌బుక్కు రాస్తావు గదా, పక్కన పడుకున్న మనిషికి ఒక్క రోజయినా రాశావా అన్నాను. ఇలాంటి మాటకి మామూలు మొగుడు అటు తిరిగి పడుకుంటాడు. నా మొగుడు మర్నాడు రెండు వందల పేజీల నోటుబుక్కు కొని, స్కేలు పెట్టి గళ్ళు గీసి తెచ్చాడు. మంట లేచిన టైము. ఎన్ని నిమిషాలు. తీవ్రత ఒకటి నుంచి మూడు. బట్టలు మార్చిందా. నిద్ర ఎన్ని గంటలు. చివర్న రిమార్కులు. ఆయన షిఫ్టుకి వెళ్తే నేను రాయాలి, ఆయన తిరిగొచ్చాక ఇద్దరం సంతకం పెట్టాలి. చార్జి అప్పగించుకోవడమంటే అలాగేనట.

రిమార్కుల గడి చదివితే మా కాపురమంతా తెలిసిపోతుంది. "ఫ్యాను ఐదు. నాకు జలుబు." "బజార్లో కొన్న చీర నచ్చలేదని ఏడ్చింది. చీర తనే కొన్నది." "ఏడ్చింది. కారణం అడిగాను. ఇంకా ఏడ్చింది." "ఉత్తరం ఇంకా బ్యాగులోనే ఉన్నాది." ఈ చివరిది చదివి నేను ఆగిపోయాను. ఉత్తరం సంగతి నేను ఆయనకి చెప్పలేదు.

మూడు వారాలు రాశాక, ఒక ఆదివారం మధ్యాహ్నం బావ ఆ బుక్కంతా కూర్చుని కూడాడు. రోజుకి సగటున పదకొండు మంటలు, నిద్ర మూడున్నర గంటలు. పెన్ను మూత పెట్టి నావైపు తిరిగాడు.

"ఒసే, ఫర్నేసు ఇలాగ నడిస్తే మేం ఎప్పుడో షట్‌డౌన్ ఇచ్చి ఇంజనీర్ని పిలిచేవోళ్ళం. నిన్ను ఇన్నాళ్ళు ఎలాగ నడవనిచ్చాను," అన్నాడు.

ముప్పై ఏళ్ళ కాపురంలో నాకు దక్కిన ప్రేమలేఖ అదే.

సోమవారం సెలవు పెట్టి, పేసింజరు బండెక్కి విజయనగరంలో ఆడవాళ్ళ డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. ఫైలు పట్టుకుని వదిన కూడా వచ్చింది. ఆవిడ రాకుండా ఆపడానికి రైలుకి అంత బలమైన తలుపుల్లేవు. డాక్టరమ్మ నలభై దాటిన మనిషి, తక్కువ మాటలు. వదిన మూడు రిపోర్టులూ పేకముక్కల్లా బల్ల మీద పరిచి, లెవెలు పెరగడానికి ఏం వెయ్యాలమ్మా అని అడిగింది. డాక్టరమ్మ నాలుగో వరస మీద వేలు పెట్టింది. నెలసరి ఆగిపోయినవాళ్ళకి ఎంత ఉండాలో ఆ వరసలో ఉంది. నా అంకె అందులో దర్జాగా కూర్చునుంది. మూడుసార్లూ.

"తక్కువే ఉంటుందమ్మా, ఇప్పుడు తక్కువే ఉండాలి. ఈ వయసులో నెలసరి ఆగిందని తెలియడానికి ఈ పరీక్షే అక్కర్లేదు. మందు ఇవ్వాలా వద్దా అన్నది ఈ అంకె చూసి చెప్పం, మనిషిని చూసి చెబుతాం," అంది.

ఆరు వారాల ప్రార్థన, ఇరవై ఒక్క రోజుల మీల్ మేకర్, మూడు సూది పోట్లు. అన్నీ కలిపి నేను మొదటి రోజే పాసయిన పరీక్షకి సప్లిమెంటరీలు. వదిన మొహంలో మొదటిసారి తీవ్రత మూడు కనిపించింది.

అప్పుడు బావ సంచిలోంచి నోటుబుక్కు తీశాడు. ఇస్తే నవ్వుతారేమోనని సగం ఇచ్చి సగం తన చేతిలోనే ఉంచుకున్నాడు. డాక్టరమ్మ లాక్కుని చదివింది. అయిదు నిమిషాలు. బయట పేషెంట్లు దగ్గుతున్నారు. ఒకచోట నవ్వింది, అది జలుబు దగ్గరని నాకు తెలుసు. తర్వాత నవ్వలేదు.

"నాకు కావలసిన రిపోర్టు ఇది," అంది.

తర్వాత ప్రశ్నలు మొదలయ్యాయి. ఇంట్లో ఎవరికైనా రొమ్ము కేన్సరుందా, కాళ్ళలో రక్తం గడ్డకట్టిందా, పక్షవాతం, గుండెజబ్బు, కాలేయం జబ్బు, ఆగిపోయాక మళ్ళీ రక్తం కనపడిందా. లేదు, లేదు, లేదు. ఇన్ని లేదులు వరసగా చెప్పడం నా జీవితంలో అదే మొదలు. బీపీ చూసింది. మామోగ్రామూ స్కానింగూ రాసింది. అన్నీ బాగుంటేనే ఈస్ట్రోజన్ జెల్ ఇస్తానంది. రోజూ చేతికి రాసుకోవాలి. గర్భసంచి ఉంది కాబట్టి దాంతోపాటు ప్రొజెస్టిరాన్ మాత్ర కూడా తప్పదు. ఒట్టి ఈస్ట్రోజనే వాడితే గర్భసంచి లోపలి పొర మందమెక్కి, అక్కడ కేన్సరు ముప్పు తెస్తుందట. జెల్ బాగుంది కదా అని మాత్ర మానెయ్యకూడదని రెండుసార్లు చెప్పింది. మా జాతిని బాగా ఎరిగిన మనిషి.

కేన్సరు అన్న మాట వినగానే వదిన ఉలిక్కిపడింది. దేవుడు ఆపినదాన్ని మనం మొదలెట్టడమేటి, మేమంతా ఓర్సుకోలేదేటి అంది. నేననుకున్నాను, డాక్టరమ్మ ఇప్పుడు ఏమీ కాదమ్మా అని బుజ్జగిస్తుందని. బుజ్జగించలేదు. రొమ్ము కేన్సరు ముప్పు అసలు లేదని చెప్పనంది. ఈ రెండూ కలిపి ఏళ్ళ తరబడి వాడితే కొంచెం పెరుగుతుంది. అరవై లోపు, నెలసరి ఆగి పదేళ్ళ లోపు మొదలెట్టినవాళ్ళలో, ఇంత బాధపడుతున్నవాళ్ళకి సాధారణంగా లాభమే ఎక్కువ. మంటలు తగ్గుతాయి, నిద్ర వస్తుంది, ఎముకలకీ మంచిది. జెల్ చర్మంలోంచి వెళ్తుంది కాబట్టి రక్తం గడ్డకట్టే భయం మాత్రల కన్నా తక్కువ. హార్మోను పడనివాళ్ళకి వేరే మందులున్నాయి. మూడు నెలలకి చూసుకుందాం, తర్వాత ఏటేటా, ఇంకా కావాలా అని. ఇంత చెప్పి, నిర్ణయం మీది అని నావైపు చూసింది.

నేను అలవాటుగా బావ వైపు చూశాను. పట్టుచీర కొనాలన్నా పళ్ళు పీకించుకోవాలన్నా అటు చూడ్డం నా మెడనరానికి పట్టిన అలవాటు.

"నా వైపు సూస్తావేటి. ఫర్నేసు నీది. నాను రాస్తాను అంతే," అన్నాడు.

వాడతానని చెప్పి, బ్యాగు జిప్పు తీసి పరీక్షల చీటీ ఉత్తరం పక్కనే పెట్టుకున్నాను.

పరీక్షలన్నీ బాగానే వచ్చాయి. జెల్లూ మాత్రా మొదలెట్టిన మొదటి రెండు వారాలు ఏమీ జరగలేదు. రొమ్ములు సలిపాయి, నాకు డాక్టరమ్మ మీద అనుమానం సలిపింది. మూడో వారం రోజుకి పదకొండు మంటలు ఏడయ్యాయి. ఆరో వారానికి రెండు. ఒక రోజు పొద్దున్న లేచేసరికి బావ నా ముక్కు కింద వేలు పెట్టి కూర్చునున్నాడు. ఏమిటంటే ఏమీ లేదన్నాడు. లాగ్‌బుక్కు తీసి చూస్తే ఉంది: "నిద్ర ఏడు గంటలు. ఐదింటికి పరీక్షించాను. ఊపిరి ఉన్నాది."

మే నెల చివరి బుధవారం, చీటీ డబ్బా నియమం ప్రకారం నేను సాక్ష్యం చెప్పాల్సొచ్చింది. ప్రార్థన వల్లా మీల్ మేకర్ వల్లా అని రెండు ముక్కల్లో ముగించమని వదిన ముందే పాఠం అప్పచెప్పింది. నేను లేచి ఉన్నదున్నట్టు చెప్పేశాను. నా లెవెలు పెరగక్కర్లేదనీ, మనం ఆరు వారాలు తప్పు వరస కోసం ప్రార్థించామనీ, అయినా దేవుడు పెద్దమనసు చేసుకుని ఒక నోటుబుక్కు పంపాడనీ. ఎవరూ ఆమెన్ అనలేదు. టీ దగ్గర మాత్రం ఒకావిడ నా మోచెయ్యి పట్టుకుంది, తర్వాత ఇంకొకావిడ. డాక్టరమ్మ ఏ వీధిలో ఉంటుందని తొమ్మిది మంది అడిగారు. తొమ్మిది మందీ తమ కోసం కాదు, తెలిసినవాళ్ళ కోసమే.

అందరూ వెళ్ళాక వదిన కప్పులు కడుగుతూ, తల తిప్పకుండా మాట్లాడింది. పదేళ్ళుగా కింద మంటా, పొడిబారడమూ, నాలుగు నెలలకోసారి మూత్రంలో ఇన్ఫెక్షనూ అట. ఎవరికీ చెప్పలేదు. డబ్బాలో వేసే చీటీ కాదు గదా అది.

"ఓర్సుకున్నాన్లే అని అందరికీ సెప్పీదాన్ని. నిజానికి ఓర్సుకోనేదే," అంది.

ఇన్నాళ్ళూ వదిన మీద వెయ్యడానికి దాచుకున్న జోకులు నాలుగైదున్నాయి. ఒక్కటీ తీయలేదు. దానికి వేరే క్రీముంటుందట వదినా, ఒళ్ళంతా పోయే మందు కూడా కాదట, అడుగుదాం పద అన్నాను. మర్నాడు పొద్దున్నే ఆవిడ తమ్ముడి దగ్గరికొచ్చి, "ఒరే, నాక్కూడా ఒక బుక్కు గీసియ్యి. రిమార్కుల గడి మాత్రం వొద్దు," అని చెప్పి పోయింది.

జూన్‌లో బడి తెరిచారు. క్లాసులు పంచే రోజు హెడ్మాస్టరుగారు నన్ను గదిలోకి పిలిచి, ఏం ఆలోచించారు మేడమ్ అన్నారు. టెన్త్ నాకే కావాలన్నాను. ఆరోగ్యం ఎలా ఉందో, మళ్ళీ క్లాసులో ఇబ్బందయితే ఎలాగో అని ఆయన బిస్కెట్టు నములుతూ నసిగారు. ఆధారం లేకుండా లెక్కల టీచరు మాట్లాడదు. ఆ వారం తనొక్కడే రాసిన లాగ్ కాగితం బ్యాగులో పెట్టానని పొద్దున్నే బావ చెప్పాడు, నోటుబుక్కు అయిపోయిందట. తీసి ఇచ్చాను. వారమంతా కలిపి నాలుగు మంటలు, రోజుకి ఏడు గంటల నిద్ర. ఆయన గడి గడీ చదివారు. కాగితం తిప్పారు. అటు చూశారు, మళ్ళీ ఇటు చూశారు.

"ఏ వైపు సంతకం పెట్టమంటారు మేడమ్?"

లాక్కుని చూస్తే వెనకవైపు నా దస్తూరీ. అనారోగ్య కారణాల వలన స్వచ్ఛంద పదవీ విరమణ కోరుచున్నాను. ఇంట్లో ఇంకే కాగితమూ దొరకనట్టు మా ఆయన దాని వెనకాలే స్కేలు పెట్టి గళ్ళు గీశాడు.

"గళ్ళున్న వైపు సార్. చార్జి అప్పగించేటప్పుడు ఇద్దరూ పెట్టాలి," అన్నాను.

ఆయన ఒక నిమిషం నా మొహంలో పిచ్చి ఉందేమోనని వెతికి, పెట్టేశారు. నాలుగో పీరియడ్‌కి టెన్త్‌లోకి వెళ్ళి లంబకోణ త్రిభుజం గీశాను. కర్ణం అని పిల్లలకన్నా ముందే, అవసరానికి మించిన గొంతుతో అరిచాను. పక్క క్లాసు సోషల్ మాస్టారు ఏమయిందోనని తొంగి చూశారు.

ఆ సాయంత్రం బావ రాసింది ఇదీ: "మంటలు: సున్నా. టెన్త్ ఇచ్చారు. ఉప్మా రేపటినుంచి నన్ను చెయ్యమంటన్నాది."